డ్యూక్ ఎలింగ్టన్: బృందమే ఆయన వాద్యం

ఈనాటి పాఠంలో అమెరికాకు చెందిన జాజ్ స్వరకర్త, వాద్యబృంద నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ గురించి తెలుసుకుందాం. మన కచేరీల్లో మనోధర్మానికి ఎంత విలువ ఉందో మీకు తెలుసు. జాజ్ సంగీతానికీ అదే ప్రాణం. మరి వాద్యకారులు అప్పటికప్పుడు కల్పన చేసి వాయించే సంగీతంలో స్వరకర్తకు పనేముంటుంది? ఈ ప్రశ్నకు ఎలింగ్టన్ జీవితమే సమాధానం.

ఎడ్వర్డ్ కెన్నెడీ ఎలింగ్టన్ 1899 ఏప్రిల్ 29న వాషింగ్టన్ నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించారు. ఆయన దర్జా చూసి చిన్ననాటి స్నేహితులు పెట్టిన పేరు ‘డ్యూక్’. అంటే ప్రభువు అని అర్థం. ఏడేళ్ల వయసులో పియానో పాఠాలు మొదలయ్యాయి. 1923లో న్యూయార్క్ చేరుకున్నారు. 1927 డిసెంబరులో హార్లెమ్‌లోని కాటన్ క్లబ్‌లో ఆయన బృందానికి స్థానం దొరికింది. అక్కడ వేదిక మీద వాయించేది నల్లవారు, ఎదుట కూర్చుని వినేది తెల్లవారు. కానీ రేడియోకు ఆ అడ్డుగోడ లేదు. ప్రసారాల ద్వారా ఆయన సంగీతం దేశమంతటా వినిపించింది.

ఇప్పుడు ఒక ముఖ్యమైన విషయం గమనించండి. ఎలింగ్టన్ ‘శాక్సొఫోన్ కోసం’ రాయలేదు, జానీ హోడ్జెస్ కోసం రాశారు. హోడ్జెస్ స్వరం నుంచి స్వరానికి మెత్తగా జారే తీరు మరొకరికి రాదు. బబ్బర్ మైలీ ట్రంపెట్‌కు మూత అడ్డుపెట్టి, గుర్రుమనే ధ్వని పలికించేవారు. ఎవరి గొంతు ఏమిటో తెలిసి, వారి కల్పనకు తగిన చోటు విడిచిపెట్టడమే ఎలింగ్టన్ చేసిన స్వరరచన. అందుకే తన పాటల మీద వచ్చిన రాయల్టీ సొమ్మును జీతాలకు వెచ్చించి మరీ బృందాన్ని నిలుపుకున్నారు. 1927లో చేరిన హ్యారీ కార్నీ ఎలింగ్టన్ మరణించేవరకూ ఆయన వెంటే ఉన్నారు.

బృందానికి గుర్తుగా నిలిచిన ‘టేక్ ది ఎ ట్రైన్’ ఎలింగ్టన్ రచన అని చాలామంది అనుకుంటారు. దానిని రాసినది 1939లో ఆయనతో చేరిన బిల్లీ స్ట్రేహార్న్. 1963లో ఈ బృందం భారతదేశానికీ వచ్చింది. ఆ పర్యటన జ్ఞాపకాలతో ఇద్దరూ కలిసి కూర్చిన ‘ఫార్ ఈస్ట్ సూట్’ 1966లో రికార్డయింది. అందులో ఢిల్లీలో విన్న గోరువంక కూత ఉంది, ఆగ్రా పేరుతో ఒక రచన కూడా ఉంది.

1965లో పులిట్జర్ న్యాయనిర్ణేతలు ఎలింగ్టన్‌కు ప్రత్యేక పురస్కారం ఇవ్వాలని సిఫారసు చేయగా, బోర్డు నిరాకరించింది. అందుకు నిరసనగా ఇద్దరు న్యాయనిర్ణేతలు రాజీనామా చేశారు. అప్పటికి 66 ఏళ్ల ఎలింగ్టన్, మరీ చిన్న వయసులో తనకు కీర్తి రావడం విధికి ఇష్టం లేదు కాబోలని చమత్కరించారు. 1974 మే 24న కన్నుమూశారు. ఆ పురస్కారం 1999లో, ఆయన శతజయంతి సంవత్సరంలో ప్రకటించారు. అందుకోవడానికి ఆయన లేరు.

ఆయన రికార్డు ఒకటి దొరికితే రెండుసార్లు వినండి. మొదటిసారి బృందమంతటినీ వినండి. రెండోసారి ఒక్క వాద్యకారుణ్ణే వెంబడించండి. ఎలింగ్టన్ ఆ మనిషిని ఎంత శ్రద్ధగా విన్నారో మీకే తెలుస్తుంది.