నడకకూ ఓ చీటీ రాయండి

ఈ రోజు పట్టాలు అందుకున్న పిల్లలకు నా అభినందనలు. తెల్లవారుజామునే బయల్దేరి బస్సులు మారి వచ్చి, వెనక వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం. ఆరేళ్ళ ఫార్మ్.డి. చదువు భారం మోసింది వాళ్ళే.

నేను ఫార్మకాలజీలో ఎం.డి. చేసి, కోస్తాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో చాలాకాలం పనిచేశాను. ఓపీ పక్కనున్న చిన్న గదిలో వారానికోసారి ఒక పని చేసేవాళ్ళం. "ఇంట్లో ఉన్న మందులన్నీ తీసుకురండి, పాతవీ కొత్తవీ కలిపి" అని రోగులకు ముందే చెప్పి, వాళ్ళు తెచ్చిన సంచిని బల్ల మీద బోర్లించి ఒక్కొక్కటీ చూసేవాళ్ళం. నా ఉద్యోగంలో నేర్చుకున్నదాంట్లో సగం ఆ బల్ల దగ్గరే నేర్చుకున్నాను.

ఒకసారి అరవై దాటిన ఒకావిడ బట్టలకొట్టు సంచీ నిండా మందులు తెచ్చింది. అన్నీ కత్తెరతో కత్తిరించిన ముక్కలే. మందు పేరూ, గడువు తేదీ ఉన్న సగం షాపులోనే ఉండిపోయింది, బిళ్ళలున్న సగం ఈవిడ చేతికొచ్చింది. "తెల్లది పొద్దున, గులాబీది రాత్రి" అని ఆవిడ లెక్క. తెల్ల బిళ్ళలు నాలుగు రకాలున్నాయి.

చీటీలన్నీ తేదీలవారీగా పేర్చితే కథ బయటపడింది. మొదట బీపీకి అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఎవరో డైక్లోఫెనాక్ ఇచ్చారు. ఆ నొప్పుల బిళ్ళ ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది, బీపీ పెంచుతుంది. పెరిగింది. దాంతో అమ్లోడిపిన్ 10 అయింది. మోతాదు పెరిగేసరికి పాదాలు వాచాయి. ఆ మందుకు ఆ గుణం ఉందని మీకు తెలుసు. ఇంకొక డాక్టరు గారు వాపు చూసి ఫ్యూరోసెమైడ్ రాశారు. దాంతో పొటాషియం పడిపోయి పిక్కలు పట్టేయడం, నీరసం మొదలయ్యాయి. పిక్కల నొప్పికి మళ్ళీ నొప్పుల బిళ్ళే, ఈసారి రోజుకు రెండు. కడుపులో మంటకు గ్యాస్ బిళ్ళ. ఏ చీటీకి ఆ చీటీ చూస్తే దేనికదే సబబుగానే ఉంది. అన్నింటినీ ఒకచోట పెట్టి చదివినవాళ్ళే లేరు.

నొప్పుల బిళ్ళ ఆపించాం, దాని వెంటే గ్యాస్ బిళ్ళా. ఫ్యూరోసెమైడ్ ఆపి, అమ్లోడిపిన్ మళ్ళీ 5కి తెచ్చాం. తర్వాత తిండి గురించి అడిగాం. మధ్యాహ్నం ఉప్పుచేప, రాత్రి మజ్జిగన్నంలో ఆవకాయ, నంజుకోవడానికి ఊరమిరపకాయలు. "ఉప్పు తగ్గించమ్మా" అని ఆవిడకు అంతకుముందు చెప్పనివాళ్ళు లేరు. మేం ఒక చెంచా తెప్పించి కొలిచి చూపించాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 5 గ్రాముల ఉప్పంటే రోజు మొత్తానికి ఆ ఒక్క చిన్న చెంచా. కూరలో, పచ్చట్లో, చేపలో ఉన్నదంతా అందులోకే రావాలి. ఆవకాయ ఆదివారం, బుధవారం. ఉప్పుచేప నెలకోసారి. సాయంత్రం ఎండ తగ్గాక కాలవగట్టు మీద ఇరవై నిమిషాలు నడక, వారానికి ఐదు రోజులు. ఇదంతా మందుల చీటీ మీదే, మందుల కిందే రాసి, మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ వేసి ఇచ్చాం. కొన్ని వారాలకు పాదాల వాపు తగ్గింది, బీపీ అదుపులోకి వచ్చింది. సంచీలో మిగిలింది ఒకే ఒక్క బిళ్ళ. అది ఉండాల్సిందే, అది ఆపొద్దని కూడా ఆ చీటీలోనే రాశాం.

నేను ఇవాళ మీతో చెప్పాలనుకున్న మాట ఇదే. మందు రాసేటప్పుడు మిల్లీగ్రాములు రాస్తాం, పొద్దునా రాత్రా, తిండికి ముందా తర్వాతా, ఎన్నాళ్ళు అని రాస్తాం. అదే చీటీ అడుగున "వాకింగ్, డైట్" అని రెండు ముక్కలు గిలికేసి వదిలేస్తాం. అలాంటి చీటీ చేతికిస్తే రోగి ఏది పాటిస్తాడు? కొలత ఉన్నదాన్నే పాటిస్తాడు. ఆ తర్వాత "మావాళ్ళు చెబితే వినరండీ, బిళ్ళ మింగి ఊరుకుంటారు" అని మనమే అంటాం. అసలు మనం ఏం చెప్పామని?

అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం అని ఒక పెద్ద పరీక్ష జరిగింది. ఫలితాలు 2002లో వచ్చాయి. షుగర్ వచ్చే అంచున ఉన్న 3,234 మందిని తీసుకున్నారు. కొందరికి మెట్‌ఫార్మిన్ ఇచ్చారు, కొందరికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు, కొందరి అలవాట్లు మార్పించారు. సుమారు మూడేళ్ళలో షుగర్ రావడం మెట్‌ఫార్మిన్ వాడినవాళ్ళలో 31 శాతం తగ్గితే, అలవాట్లు మార్చుకున్నవాళ్ళలో 58 శాతం తగ్గింది. అందరూ ఈ అంకెలే చెబుతారు. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ మార్పు చేయించిన తీరు. బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి 16 పాఠాలు చెప్పాలి. ఒక మందును పరీక్షకు పెట్టినంత పకడ్బందీగా నడకను పెట్టారు.

అది వాళ్ళ దేశం సంగతి అంటారని తెలుసు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మనవాళ్ళ మీదే, 531 మందితో అలాంటి పరీక్ష చేసి 2006లో ప్రచురించింది. అలవాట్లు మార్చుకుంటే 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్‌తో 26.4 శాతం తగ్గింది. రెండూ కలిపి ఇస్తే 28.2. అంటే సరిగ్గా నడుస్తూ, సరిగ్గా తింటున్నవాళ్ళకు బిళ్ళ కలిపినందువల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. అంచున ఉన్న మనిషి మీ ముందుకొచ్చినప్పుడు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

కానీ ఆ అంచు ఎక్కడిదాకానో కూడా గుర్తుండాలి. ఒక పన్నెండేళ్ళ పిల్లాడిని స్పృహ లేని స్థితిలో మా ఆసుపత్రికి తెచ్చారు. టైప్ వన్ డయాబెటిస్. ఫోన్‌లో ఎవరో చెప్పిన పథ్యం చూసి, తిండితోనే నయమవుతుందని నమ్మి తల్లిదండ్రులు ఇన్సులిన్ మాన్పించారు. పిల్లాడు బతికాడు. ఆ రాత్రి వార్డు బయట వాళ్ళమ్మ ముఖం నేను మర్చిపోలేను. టొరంటోలో 1922 జనవరిలో మొదటిసారి మనిషికి ఇన్సులిన్ ఎక్కించేదాకా అలాంటి పిల్లలకు మిగిలింది ఆకలితో మాడ్చే పథ్యమే, దాంతో దక్కేది కొన్నాళ్ళ ఆయుష్షే. ఇన్సులిన్ పని నడక చేయదు. గుండెపోటు వచ్చినవాడి స్టాటిన్ పని కాకరకాయ రసం చేయదు. మందులంటే విషాలని చెప్పేవాళ్ళ మీద నాకు పట్టరాని కోపం. మీకూ రావాలి.

అయితే మంచి మందైనా సరిగ్గా వాడితేనే మేలు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పనిని మీరు పాఠంలో చదివారు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆ ఫోలిక్ యాసిడ్‌కే అడ్డుపడే మెథోట్రెక్సేట్ కూడా అక్కడే పుట్టింది. ఇవాళ కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ రాసినప్పుడు, దాని దెబ్బ నుంచి కాపాడటానికి ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తాం. ఎన్నో చేతులు వంకరపోకుండా నిలబెట్టిన మందు అది. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మందు కూడా. దాన్నే రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పుళ్ళు పడుతుంది, ప్రాణం కూడా పోవచ్చు. మెథోట్రెక్సేట్ చేతికిచ్చేటప్పుడు వారంలో ఏ రోజు వేసుకోవాలో నోటితో చెప్పి, కవరు మీద తెలుగులో రాసి, రోగి చేత తిరిగి చెప్పించుకోండి. "మంగళవారం" అని ఆ మనిషి నోట వినేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదలనివ్వొద్దు. వెనక క్యూ అరిస్తే అరవనివ్వండి.

ఇక నన్ను ఏళ్ళ తరబడి పీడిస్తున్న బెంగ. గ్యాస్ బిళ్ళ. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, వాటి చుట్టాలు. జ్వరానికి వెళ్తే గ్యాస్ బిళ్ళ, కాలు బెణికితే గ్యాస్ బిళ్ళ. ఐదు రోజులకని మొదలై ఐదేళ్ళు సాగుతుంది. మొదలుపెట్టడానికి సంతకం ఉంది, ఆపడానికి ఎవరి సంతకమూ లేదు. "ఆపితే మంట వస్తుందండీ, అందుకే వాడుతున్నా" అంటారు. ఎందుకు రాదు? డెన్మార్క్‌లో 120 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన పరిశోధన 2009లో వచ్చింది. వాళ్ళెవరికీ ముందు మంట లేదు. ఎనిమిది వారాలు ఎసొమెప్రజోల్ ఇచ్చి ఆపితే, 44 శాతం మందికి మంట, పులితేన్పులు వంటివి వచ్చాయి. ఉత్తుత్తి బిళ్ళ వాడినవాళ్ళలో అవి 15 శాతం మందికే. ఆమ్లాన్ని అణిచినన్నాళ్ళూ ఒంట్లో గ్యాస్ట్రిన్ పెరుగుతూనే ఉంటుంది. మూత తీయగానే ఆమ్లం పొంగుతుంది. ఆ పొంగును రోగి తన జబ్బే అనుకుని మళ్ళీ బిళ్ళ మింగుతాడు.

ఈ గ్యాస్ బిళ్ళకు మెట్‌ఫార్మిన్ తోడైతే ఇంకో సంగతి ఉంది. రెండూ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గే ప్రమాదం ఉంది. పెద్దాయన అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటాడు, షుగర్ వల్లేనని సరిపెడతారు, మరో బిళ్ళ చేరుతుంది. ఒక్క రక్తపరీక్షతో తేలే విషయం అది. మీ కళ్ళ ముందు ఈ రెండు మందులూ ఒకే చీటీలో కనబడితే, దయచేసి ఆ డాక్టరు గారికి ఫోన్ చేయండి. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ రోగికి మందు గురించి వివరించే బాధ్యతను మీకు అప్పగించాయి. మీరు కౌంటర్ వెనక ఉన్నది అందుకే.

గ్యాస్ బిళ్ళ అవసరమైనవాళ్ళు ఉన్నారు. కడుపులో పుండు నుంచి రక్తం పోయిన చరిత్ర ఉండి, గుండెకు ఆస్పిరిన్ మానలేనివాళ్ళకు అది రక్ష. వాళ్ళ జోలికి పోవద్దు. మిగిలినవాళ్ళకు డాక్టరు గారితో మాట్లాడి నెమ్మదిగా తగ్గించే పద్ధతి రాయించండి. రాత్రి పది గంటల భోజనాన్ని ఏడున్నరకు జరపమనండి. తిన్న మూడు గంటలదాకా నడుం వాల్చొద్దనండి. పొట్ట తగ్గించుకోమనండి, ఎన్ని కిలోలో, ఎప్పటికో చెప్పండి.

ఈ పనులు ముందు మీరు చేయండి! హాస్టల్లో మీ సంగతి నాకు తెలియదనుకోకండి. పొద్దున టిఫిన్ ఎగ్గొట్టి, పదకొండింటికి కాంటీన్‌లో టీ మీద టీ తాగి, అర్ధరాత్రి నూడుల్స్ తిని, పరీక్షల ముందు ఒకే గ్యాస్ బిళ్ళల స్ట్రిప్పు గది మొత్తం పంచుకుంటారు. ఫార్మ్.డి. చదువుతూ! మీ అమ్మానాన్నలు వింటున్నారనే కాస్త గట్టిగా చెబుతున్నాను.

ఇంకో పని. మందు వల్ల ఎవరికైనా కీడు జరిగిందనిపిస్తే రాసి పంపండి. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం మన దేశంలో అందుకే ఉంది. 1800-180-3024కి ఫోన్ చేసినా తీసుకుంటారు. అనుమానం చాలు, రుజువు అక్కర్లేదు. రోఫెకాక్సిబ్ అనే నొప్పుల మందు 1999లో అనుమతి పొంది, లక్షల మంది వాడాక, గుండెపోట్లు, పక్షవాతాలు పెంచుతోందని తేలి 2004లో బజారు నుంచి తప్పుకుంది. అనుమతి వచ్చేనాటికి ఏ మందు గురించీ మొత్తం తెలిసి ఉండదు. మిగతాది మీలాంటివాళ్ళు కౌంటర్ దగ్గర, వార్డులో గమనించి రాస్తేనే తెలుస్తుంది.

చెప్పాల్సింది ఇంకా ఉంది కానీ ఒంటిగంట దాటింది. వెనక వరుసల్లో పొద్దున ఆరింటికే గ్లిమెపిరైడ్ వేసుకుని బస్సెక్కిన నాన్నలు కొందరైనా ఉంటారు. ఆ బిళ్ళ వేసుకున్నాక తిండి ఆలస్యమైతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. చెమట పట్టిందా, చేతులు వణుకుతున్నాయా చూడండి. అలా ఉంటే వెంటనే చక్కెర కలిపిన నీళ్ళు పట్టించండి. ఫొటోలు తర్వాత దిగొచ్చు. ముందు వాళ్ళను భోజనాల దగ్గరికి తీసుకెళ్ళండి.