తొలిసారి రివాల్వరు కొనువారికి
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తుంగభద్ర కాలువల క్రింద సింధనూరు, గంగావతి ప్రాంతముల క్యాంపులలో స్థిరపడిన మన రైతులును, ధాన్యపు మిల్లుల యజమానులును కొందరు నన్నొక ప్రశ్న అడుగుచున్నారు. "పంట సొమ్ముతో చీకటిపడిన పిమ్మట ఇంటికి రావలసియున్నది. ఇల్లు పొలముల నడుమ ఒంటరిగా నున్నది. చేతి తుపాకి యొకటి కొనదలచితిమి. మునుపెన్నడును పట్టి యెరుగము. ఏది కొనవలెను?" ఈ ప్రశ్నకు సభాముఖమున సమాధానము చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. తెలిసినంతవరకు చెప్పెదను.

ఏది కొనవలెనను దానికి ముందు, చట్టము దేనిని కొననిచ్చునో చూడవలెను. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి యుంచుకొనరాదు. ఆ లైసెన్సును 21 ఏండ్లు నిండినవారికే యిత్తురు. 9 మిల్లీమీటర్ల పిస్తోలు, .38 రివాల్వరు మున్నగునవి నిషిద్ధ తరగతికి చెందినవి. సినిమాలలో చూచి వాని పేర్లు వల్లించుట వృథా. సామాన్య పౌరునకు మిగిలినవి ముఖ్యముగా .32, .22 పరిమాణములవి. అమెరికాలో కొనువానికి అంగడిలో వందల రకములు కనిపించి మతి పోవును. మనకా చిక్కు లేదు.

ఇంత శ్రమ యెందుకు, నాటు తుపాకి చౌకగా దొరకునని చెవిలో చెప్పువారు ప్రతి యూరను గలరు. వారి మాట వినకుడు. 2019 నాటి సవరణ తరువాత లైసెన్సు లేని ఆయుధమునకు రెండేండ్లకు తక్కువ కాకుండ ఐదేండ్ల వరకు జైలుశిక్షయు జరిమానాయు గలవు. పైగా నీటిగొట్టముతో చేసిన తుపాకి పేలినపుడు ముందుగా పోవునది పట్టుకొన్నవాని చేయి.

ఇక రివాల్వరా, పిస్తోలా? క్రొత్తవానికి రివాల్వరే తగినదని నా యభిప్రాయము. పిస్తోలు పలుచగా నుండును, తూటాలు ఎక్కువ పట్టును, నిజమే. కాని దానిలో నొక మోసము గలదు. పిడిలోని తూటాల పెట్టెను తీసివేసి, ఖాళీ యయినదని తలచి మీట నొక్కుదురు. గొట్టము మొదట ఒక తూటా అప్పటికే చేరియున్నదన్న సంగతి మరతురు. ఎందరో యెరిగినవారును ఈ పొరపాటు చేసినారు. రివాల్వరులో ఆ దాపరికము లేదు. తూటాల చక్రమును తెరచినచో ఆరు గదులును కంటి కెదురుగా కనబడును. ఉన్నది ఉన్నట్లు, లేనిది లేనట్లు. ఒక తూటా పేలకపోయినను మరల మీట లాగినచో తరువాతి గది ముందునకు వచ్చును. పిస్తోలులో పైభాగమును వెనుకకు లాగి చెడిన తూటాను త్రోసివేయవలెను. భయముతో వణకు చేతులకు అది సులభము కాదు.

.22 తుపాకి తేలిక, చప్పుడును తక్కువ. కాని దాని తూటాలలో పేలుడు మందు అంచున నుండుటచే పేలనివి తరచుగా తగులును, దెబ్బయు స్వల్పము. గురి నేర్చుకొనుటకు మంచిది, ప్రాణరక్షణకు .32 మేలు.

2014లో కాన్పూరు కర్మాగారము వారు "నిర్భీక్" అను .32 రివాల్వరును స్త్రీల కొరకని ప్రచారము చేసి విడుదల చేసిరి. దాని బరువు సుమారు 500 గ్రాములు. ధర ఆనాడు 1,22,360 రూపాయలు. దుడ్డు గలవారి స్త్రీలకే నిర్భయమా యని అప్పుడే పలువురు ఆక్షేపించినారు. నాకును ఆ ఆక్షేపణ న్యాయముగనే తోచినది. ధర మాట అటుంచి, బరువు తగ్గుట మేలే యని తలచరాదు. తుపాకి ఎంత తేలికయో, పేల్చినపుడు చేతిని అంత గట్టిగా వెనుకకు తన్నును. సంచిలో మోయుటకు తేలికది సుఖము. గురి నేర్చుకొనుటకు కొంచెము బరువుగలది సుఖము. రోజూ వెంట కొనిపోవువారొక తీరుగను, ఇంటనే యుంచువారొక తీరుగను ఎంచుకొనవలెను.

2023లో అదే కాన్పూరు నుండి "ప్రబల్" వచ్చినది. నిర్భీక్‌ను నడుమ విరిచి తెరవవలెను; దీనిలో తూటాల చక్రము ప్రక్కకు తెరచుకొనును. ఇది 50 మీటర్ల దూరము కొట్టునని గొప్పగా చెప్పుచున్నారు. ఆత్మరక్షణకు ఆ గొప్పతో పని లేదు. 50 మీటర్ల దూరమున నున్నవాని నుండి తప్పుకొనుటకును, తలుపు మూసికొనుటకును, 112కు ఫోను చేయుటకును వ్యవధి యున్నది గదా! చట్టమును అదే అడుగును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షను ప్రకారము, అధికారుల సహాయము పొందుటకు వ్యవధి యున్నచోట ఆత్మరక్షణ హక్కు లేదు. ఉన్నచోటను అవసరమునకు మించిన హాని చేయరాదు. ప్రాణమునకో, తీవ్రమైన గాయమునకో నిజమైన భయము కలిగినపుడు ఒక మాట. ధాన్యపు బస్తా ఎత్తుకొని పారిపోవువాని వీపుపై కాల్చుట వేరొక మాట. రెండవదానికి న్యాయస్థానమున రక్షణ దొరకదు. కనుక నాలుగడుగుల నుండి పదడుగుల దూరమున, మసక వెలుతురులో, మీ చేయి దేనిని నిలకడగా పట్టగలదో అదియే మీకు తగినది.

ఆ సంగతి తెలియుటకు దుకాణమున తుపాకిని చేతబట్టి చూడవలెను. ముందుగా అది ఖాళీ యని మీరే తెరచి చూడుడు. అమ్మువాని మాట చాలదు. పిడి పట్టినపుడు గొట్టము ముంజేతికి నేరుగా రావలెను, చూపుడువ్రేలు మీటను సునాయాసముగా అందుకొనవలెను. యజమాని అనుమతితో, గొట్టమును ఎవరివైపును చూపక, పదిసార్లు మీట లాగి చూడుడు. రివాల్వరు మీట బిగువుగా నుండును. పదవసారికి ముందే వ్రేలు వణకినచో, ఆ తుపాకి ఎంత అందమైనదైనను మీది కాదు. భార్య కొరకు భర్త ఎంచుట, తండ్రి కొరకు కొడుకు ఎంచుట నాకు నచ్చదు. పట్టువారే రావలెను.

పాతది కొనువారు మరి రెండు చూడవలెను. నడుమ విరుగు రకములో కొక్కెము వదులైనదేమో; తూటాల చక్రము నిలిచిన చోట కదలుచున్నదేమో. ఏ కొంచెము ఊగిసలాడినను వదలివేయుడు.

ఇంటి సంగతి నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. తలగడ క్రింద తుపాకి పెట్టుకొని నిద్రించుట వీరత్వము కాదు. పిల్లల చేతులు అందని చోటు ఏ యింటను లేదు. తాళము వేసిన ఇనుప పెట్టె గోడకు బిగించి, తూటాలను వేరొక తాళములో నుంచవలెను. ఇంటిలో త్రాగుడు గలవారో, జీవితముపై విరక్తి చెందినవారో యున్నచో తుపాకియే కొనవలదని నిష్కర్షగా చెప్పుచున్నాను. అట్టి యింట దొంగకంటె తుపాకియే పెద్ద ప్రమాదము. గట్టి తలుపులు, వీధి దీపము, రెండు కుక్కలు, పిలిచిన పలుకు పొరుగువాడు. వీనికి లైసెన్సు అక్కరలేదు.

ఇంత చెప్పిన తరువాతను కావలెననువారు దరఖాస్తు సిద్ధము చేసికొనుడు. ఆంధ్రదేశమున కలెక్టరు అనువానిని ఇచట జిల్లాధికారి యందురు. ఆయన కార్యాలయమునకే దరఖాస్తు పోవును. ఏ తరగతి ఆయుధము కావలెనో అందులోనే వ్రాయవలెను గనుక నిర్ణయము ముందే జరుగవలెను. 2016 నాటి ఆయుధముల నియమముల ప్రకారము భద్రతా శిక్షణ పొందినట్లు ధ్రువపత్రము కావలెను. పోలీసు విచారణ జరుగును. బెదిరింపులు వచ్చినపుడు ఠాణాలో ఇచ్చిన ఫిర్యాదుల నకళ్లు దాచుకొన్నవారికి కారణము చూపుట సులభము. విచారణకు వచ్చు ఉద్యోగితో మనవారు తెలుగు యాసతోనైనను కన్నడములోనే మాట్లాడుడు. సంతకము చేయు కాగితము అర్థము కానిచో చదివించుకొని మరి సంతకము చేయుడు.

తాత నాటి తుపాకులు గల కుటుంబములకు ఒక మాట. లైసెన్సుదారు మరణించిన పిమ్మట ఆ తుపాకిని ఇంట నుంచుకొనుట నేరమగును. దానిని వెంటనే ఠాణాలోనో, లైసెన్సు గల వ్యాపారి వద్దనో అప్పగించి రసీదు పొంది, వారసుడు తన పేర దరఖాస్తు చేసికొనవలెను. 70 ఏండ్లు నిండినవారు తాము బ్రతికియుండగనే వారసునకు మార్పించుటకును నియమములలో వీలు గలదు. 2019 నుండి ఒక్కొక్కరికి రెండు తుపాకులే పరిమితి. వారసత్వముగా వచ్చినదియు ఆ రెంటిలో చేరును. ఇట్టి తుపాకి ఇంట నున్నవారు సభ ముగిసిన పిమ్మట పాత లైసెన్సు పుస్తకముతో నన్ను కలిసినచో కాగితములు చూచి చెప్పగలను. తుపాకిని మాత్రము తీసికొని రావలదు.