పెరట్లో గది – గడ్డపారకు ముందు పెన్సిలు



ఈ పూట మాట ఇంటిని గురించి. ఇంటి వెనక పెరట్లో చిన్న గది కట్టుకోవాలంటే ముందు ఏం చేయాలి? ఎంత ఖర్చవుతుంది? అప్పు చేస్తే తీరుతుందా?

తిరుచానూరు పద్మావతీ అమ్మవారి ఊరు. ఏడాది పొడుగునా యాత్రికులు వస్తూనే ఉంటారు. కార్తీక మాసం బ్రహ్మోత్సవాల్లో, పంచమి తీర్థం నాడు, కోనేటి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. పూలమ్మేవాళ్ళకు, హోటళ్ళలో పనిచేసేవాళ్ళకు, తిరుపతిలో చదివే పిల్లలకు ఉండడానికి గది కావాలి. అందుకే పెరడు ఉన్న ఇంట్లో ఒక ఆలోచన పుడుతుంది. "వెనకాల ఒక గది వేస్తే?" కొందరికి అద్దె కోసం. కొందరికి పెళ్ళయిన బిడ్డల కోసం.

అలాంటి ఒక ఇంటిని అనుకోండి. భార్య పూలు కట్టి అమ్ముతుంది. భర్త ఆటో నడుపుతాడు. ఉండేది ఒకటే గది, ముందు వరండా. కొడుక్కి పెళ్ళి కుదిరింది. కోడలు వస్తే ఎక్కడ పడుకుంటుంది? ఆ తల్లికి రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు.

భర్త అన్నాడు: "ఏమ్మే, రేపు మంచి రోజు. గడ్డపార వేసేద్దాం. డబ్బులు ఎట్లనో వస్తాయిలే."

భార్య రాత్రి బడిలో చదువు నేర్చుకున్న మనిషి. "ఉండయ్యా. గడ్డపారకు ముందు పెన్సిలు తీద్దాం. లెక్క రాయకుండా తవ్వితే ఆ గుంతలో మనమే పడతాం" అంది.

ఆమె మాట నిజం. పెన్సిలుతో చేయాల్సిన పనులు చూడండి.

మొదటి పని – స్థలం

పెట్టె తెరిచి ఇంటి పట్టా, పన్ను రసీదు తీయండి. పట్టా ఎవరి పేరున ఉంది? హద్దులు ఏమి రాశారు? టేపు పట్టి కొలవండి. కాగితంలో ఉన్నదీ, నేల మీద ఉన్నదీ ఒకటేనా?

ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. తిరుపతి వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు. పేరు ఒకటే, కొలత రెండింతలు. అందుకే ఎవరైనా "ఇన్ని అంకణాలు" అంటే, "ఎన్ని అడుగుల అంకణం?" అని అడగాలి.

ఇల్లు ఉన్న స్థలమే కదా, అనుమతి ఎందుకు అనుకోవద్దు. తిరుచానూరు చుట్టుపక్కల తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ పరిధి ఉంది. దాన్నే అందరూ తుడా అంటారు. పక్కింటి వైపు ఎంత ఖాళీ వదలాలో, ప్లాను ఎక్కడ ఇవ్వాలో, ఫీజు ఎంతో పంచాయతీ ఆఫీసులో గానీ, తుడా ఆఫీసులో గానీ అడగండి. కట్టిన ఫీజుకు రసీదు తీసుకోండి. గోడ లేచాక గొడవ వస్తే ఇటుకలూ పోతాయి, ఇరుగుపొరుగూ పోతుంది.

రెండో పని – నేల

గది వేసే చోట రెండు అడుగుల వెడల్పు, ఐదు అడుగుల లోతున ఒక గుంత తవ్వి చూడండి. ఏ మట్టి వచ్చింది? గట్టి మొరం వస్తే మంచిది. వదులు ఇసుక, బంకమట్టి, చెత్త పోసి పూడ్చిన నేల వస్తే ఆగండి. పాత బావి పూడ్చిన చోటేమో పెద్దవాళ్ళను అడగండి. పూడ్చిన మట్టి మీద పునాది వేస్తే అది కుంగుతుంది. గోడ పగులుతుంది. గట్టి నేల తగిలేదాకా పోవాలి. ఎంత లోతో అనుమానం ఉంటే ఇంజనీరుకు చూపించాలి. ఆయనకు ఇచ్చే ఫీజు దండగ కాదు.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. 2021 నవంబరు వానలు ఇక్కడ ఎవరూ మరిచిపోలేరు. స్వర్ణముఖి ఏరు పొంగింది. తిరుచానూరు దగ్గర ఒడ్డు కోసుకుపోయి, ఇల్లు ఏటిలో కూలిపోయింది. అదే నెలలో తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో మరో వింత జరిగింది. సిమెంటు వరలతో నేలలో దించిన నీళ్ళ తొట్టిని ఒకామె లోపలికి దిగి శుభ్రం చేస్తున్నారు. అంతలో తొట్టి నేల నుంచి పైకి లేచింది! ఆమె చిన్న గాయాలతో బయటపడ్డారు.

అది దెయ్యం పని కాదు. ఖాళీ బిందెను నీళ్ళలో ముంచితే పైకి తంతుంది కదా? అట్లనే, వానలకు నేల నీళ్ళతో నిండింది. ఖాళీ తొట్టిని ఆ నీళ్ళు పైకి తోశాయి. నేల ఊరి ఉన్నప్పుడు తొట్టిని ఖాళీ చేయవద్దు. లోపలికి దిగవద్దు.

మీ వీధిలో అప్పుడు నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయి? గోడ మీద గుర్తు చూడండి. కొత్త గది బేస్‌మట్టం ఆ గుర్తు కన్నా పైకి ఉండాలి. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి సంక్రాంతి పోయాక పని మొదలుపెడితే మేలు.

మరుగుదొడ్డి కూడా కడితే, సెప్టిక్ ట్యాంకు బావికీ బోరుకూ దగ్గరగా ఉండకూడదు. 50 అడుగుల దూరం మంచిది.

మూడో పని – ముగ్గు, పునాది

ముగ్గు పోసేటప్పుడు మూల సరిగా ఉందో లేదో మీరే చూడవచ్చు. మూల నుంచి ఒక వైపు 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు కొలిచి గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు రావాలి. రాకపోతే మూల తప్పింది.

పాత ఇంటి గోడను ఆనుకొని లోతుగా తవ్వవద్దు. పాత పునాది కింద మట్టి జారితే ఉన్న ఇల్లే దెబ్బతింటుంది. తవ్విన మట్టిని గుంత అంచున పోయవద్దు. రెండు మూడు అడుగుల దూరంగా వేయండి. పిల్లలను అటు పోనివ్వవద్దు.

నాలుగో పని – లెక్క

లోపల 10 అడుగులు, 12 అడుగులు ఉండే గదిని చూడండి. గోడ మందం 9 అంగుళాలు. నేల గట్టిదైతే లెక్క సుమారుగా ఇట్లా వస్తుంది.

పునాది గుంత రెండున్నర అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోతు: 350 ఘనపుటడుగుల మట్టి తవ్వాలి.
రెండు అడుగుల బేస్‌మట్టం లోపల నింపడానికి: 240 ఘనపుటడుగుల మొరం.
తొమ్మిది అడుగుల ఎత్తు గోడలకు: 4,000 ఇటుకలు.

అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న గుంతే ఒక ఘనపుటడుగు.

ధరలు నెలనెలా మారతాయి. మూడు చోట్ల అడిగి రాసుకోండి. ఒక్కో ఇటుకకు ఒక్క రూపాయి తేడా ఉన్నా 4,000 రూపాయల తేడా. 2024 జులైలో రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం వచ్చింది. ఇసుక ఉచితమైనా ఎత్తుడు కూలి, బండి బాడుగ ఉంటాయి. అవీ రాయండి. రాళ్ళు, సిమెంటు, ఇనుము, తలుపు, కిటికీలు, కరెంటు, కూలి – ఒక్కొక్కటీ ఒక్కో వరుసలో రాయండి. మొత్తం మీద నూటికి పది రూపాయలు అదనంగా వేసుకోండి.

మేస్త్రీతో మాట కూడా కాగితం మీద ఉండాలి. కూలి చదరపు అడుగుకు ఎంత? ఆ కూలిలో పునాది కలిసిందా లేదా? ఎప్పుడెప్పుడు ఎంత ఇవ్వాలి? చదివి, సంతకం పెట్టండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ తేదీ వేయండి.

ఐదో పని – అప్పు

లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 2,000. ఏడాదికి 24,000. అసలు అట్లనే ఉంటుంది. రూపాయి వడ్డీకి దొరికితే ఏడాదికి 12,000. అందుకే ముందు పొదుపు సంఘంలో, బ్యాంకులో అడగండి. అద్దె గది అయితే అద్దె వడ్డీకి సరిపోతుందా చూడండి. కొడుకు కోసం కట్టిన గదికి అద్దె రాదు. వడ్డీ మాత్రం వస్తుంది.

ఆ భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని మొత్తం వేశారు. చేతిలో డబ్బు మిద్దెకు చాలదు. భర్త అన్నాడు: "పునాది లోతు తగ్గిద్దామా? మట్టిలో ఉండేది ఎవరికి కనపడుతుంది?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "కనపడనిదాన్ని తగ్గిస్తే మళ్ళా సరిచేయలేం. పునాది మిద్దెకు తగినట్టే వేద్దాం. పైకప్పు ఇప్పటికి రేకులు వేద్దాం. చేతిలో డబ్బు పడినప్పుడు మిద్దె వేస్తాం. కోడలికి తలుపూ గడియా ఉండే గది ఉంటే చాలు."

భర్త కాసేపు కాగితం వైపు చూశాడు. తరువాత పెన్సిలు తీసుకొని "మిద్దె" అనే మాట కొట్టేశాడు. పక్కన "రేకులు" అని రాశాడు.

ఖర్చు తగ్గించాలంటే పైన తగ్గించండి. కప్పు మార్చుకోవచ్చు, సున్నం తరువాత వేసుకోవచ్చు. నేల కింద తగ్గించవద్దు. ఈ సంగతి గడ్డపార చెప్పదు. కాగితం మీద లెక్క చెబుతుంది.

ఆలోచించండి, చెప్పండి

1. మీ పెరడు ఎన్ని అంకణాలు? కొలిచి రాయండి.
2. 2021 వానల్లో మీ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయి?
3. 50,000 రూపాయలకు రెండు రూపాయల వడ్డీ అయితే నెలకు ఎంత? ఏడాదికి ఎంత?