హైబ్రిడ్ కారు బ్యాటరీ మార్చాలన్నారా? ముందు కూలింగ్ ఫ్యాన్ వైరింగ్ చూడండి

ఈ ఎపిసోడ్ హైబ్రిడ్ కార్లు ఉన్నవాళ్ల కోసం. ముఖ్యంగా తిరుపతి, చిత్తూరు వైపు ట్రావెల్స్ బండ్లు నడిపే అన్నల కోసం. డ్యాష్‌బోర్డు మీద హైబ్రిడ్ వార్నింగ్ వచ్చింది, షెడ్డుకు పోతే "బ్యాటరీ పోయింది, మార్చాల్సిందే" అన్నారు. ఖర్చు చూస్తే గుండె ఆగిపోతుంది. సరే అనేముందు ఒక్కమాట అడగండి: పోయింది బ్యాటరీనా, దాన్ని చల్లబరిచే ఫ్యానా?

అసలు ఈ ఫ్యాన్ ఎందుకు? మన తిరుమల ఘాట్ రోడ్డే తీసుకుందాం. కొండ మీద నుంచి కిందికి దాదాపు 700 మీటర్లు దిగుతాం. మనుషులు, లగేజీతో కలిపి బండి రెండు టన్నులు అనుకోండి. దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి లెక్కేస్తే 3.8 యూనిట్ల దాకా వస్తుంది. ఇలాంటి కార్లలో బ్యాటరీ మొత్తం కెపాసిటీ రెండు యూనిట్లు కూడా ఉండదు. అంటే దిగుతున్నంతసేపూ మోటర్ దాన్ని చార్జ్ చేస్తానే ఉంటుంది, నిండేదాకా. చార్జింగ్ అంటే వేడి. పైగా మే నెల ఎండ. మన దగ్గర ఎక్కువగా కనిపించే స్ట్రాంగ్ హైబ్రిడ్లలో ఆ వేడిని తీసేది క్యాబిన్ గాలి, ఆ గాలిని లాగే చిన్న ఫ్యాను. అంతే.

ఈ మధ్య చిత్తూరు నుంచి ట్యాక్సీ నడిపే ఒకన్న స్కాన్ రిపోర్ట్ పంపినాడు. బ్యాటరీ మార్చాలని చెప్పినారంట. రిపోర్ట్‌లో ఉన్న కోడ్ పీ0ఏ82. అది బ్యాటరీ ఫ్యాన్ సరిగ్గా పనిచేయట్లేదని చెప్పే కోడ్. బ్యాటరీ ప్యాక్ పాడైతే వచ్చేది పీ0ఏ80. అంకెల్లో తేడా రెండే, ఖర్చులో తేడా మాత్రం ఊహించుకోండి. సాఫ్ట్‌వేర్‌లో లాగే ఇక్కడా ఎర్రర్ కోడ్ ఎక్కడ వెతకాలో చెప్తుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. అది మనమే పట్టుకోవాల.

ఎట్లా పట్టుకోవాలంటే, వరుసగా పోదాం.

ఒకటి, గాలి. సీటు పక్కనో, కిందో జాలీ ఉంటుంది, మాన్యువల్‌లో చూపిస్తారు. దాని మీద బ్యాగులు, దుప్పట్లు పెట్టొద్దు. ఫిల్టర్‌లో దుమ్ము, వెంట్రుకలు ఉంటే తీసేయండి.

రెండు, సెన్సర్లు. రాత్రంతా ఆగిన బండిలో పొద్దున్నే స్కానర్ పెట్టి టెంపరేచర్లు చూడండి. అన్నీ బయటి వేడికి దగ్గరగా ఉండాలి. బయట 28 ఉంటే ఒక సెన్సర్ మాత్రం మైనస్ 40 దగ్గర చూపిస్తా ఉందా? అది చలి కాదబ్బా, ఎక్కడో వైర్ తెగింది.

మూడు, ఫ్యాన్. స్కానర్‌లో యాక్టివ్ టెస్ట్‌తో తిప్పమని కమాండ్ ఇవ్వండి. తిరగకపోతే ఫ్యూజ్, రిలే, ఆ తర్వాత కనెక్టర్. సాధారణంగా నాలుగు వైర్లుంటాయి: 12 వోల్టుల కరెంటు, ఎర్త్, కంప్యూటర్ నుంచి స్పీడ్ కమాండ్, ఫ్యాన్ నుంచి తిరిగి పోయే సిగ్నల్. ఏది ఏ పిన్నో మీ మోడల్ డయాగ్రమ్ చూసే తేల్చుకోవాల.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కనెక్టర్ ఊడదీసి మీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. "కరెంటు వస్తా ఉంది, ఫ్యానే పోయింది" అంటారు. వైర్‌లో ఒక్క పోగు మిగిలినా మీటర్‌కి 12 కనిపిస్తుంది, ఎందుకంటే మీటర్ కరెంటు లాగదు. ఫ్యాన్ లాగుతుంది. అందుకే కనెక్టర్ తగిలించి, తిప్పమని కమాండ్ ఇచ్చి కొలవండి. ఫ్యాన్ ఎర్త్ పిన్నుకీ 12 వోల్టుల బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.2, 0.3 వోల్టుల కంటే ఎక్కువ వస్తే ఎర్త్ బాగాలేదని అర్థం.

చిత్తూరు అన్న బండిలో జరిగింది అదే. వాళ్ల ఎలక్ట్రీషియన్ కొలిస్తే ఎర్త్ వైపు 3 వోల్టులు పైనే పోతా ఉంది. బోల్టు కింద పచ్చగా చిలుము. గీకి, శుభ్రం చేసి బిగించినాడు. కోడ్ తుడిచేసినాక మళ్లీ రాలేదు.

అందరి బండ్లకీ ఇంత సులువుగా తేలుతుందని చెప్పను. ఫ్యాన్ లేకుండా నెలల తరబడి నడిపితే నిజంగానే సెల్స్ దెబ్బతింటాయి. అందుకే వార్నింగ్ వస్తే వాయిదా వేయొద్దు. ఫ్యాన్ బాగైనాక కూడా పీ0ఏ80 వస్తే, అప్పుడు బ్యాటరీ గురించి మాట్లాడండి.

రెండు జాగ్రత్తలు. ఆరెంజ్ రంగు కేబుళ్లు ముట్టుకోవద్దు. వాటిలో వందల వోల్టుల డీసీ ఉంటుంది, ప్రాణాలు పోతాయి. మనం చూసేది 12 వోల్టుల వైపు మాత్రమే. ఇంకోటి వారంటీ. టొయోటా మన దేశంలో హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తుంది. ఏ కంపెనీ బండైనా వారంటీ ఉంటే మీరు విప్పొద్దు, నేరుగా సర్వీస్ సెంటర్‌కి పోండి.

షెడ్డులో ఎవరేం చెప్పినా, ముందు కోడ్ నంబర్ కాగితం మీద రాయించుకోండి. ఆ నంబర్, మీ మోడల్ కామెంట్‌లో పెడితే చూసి చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి.