సెంతోసాలో చిన్న బండి, సెపాంగ్‌లో పెద్ద బండి

ఫార్ములా వన్ తొలి రాత్రి రేసు 2008లో సింగపూర్‌లోనే జరిగింది. అయినా అక్కడ శాశ్వతమైన రేస్ ట్రాక్ లేదు. రేసు ముగిశాక మెరీనా బే వీధులు మళ్లీ మామూలు రోడ్లే. 1961 నుంచి 1973 దాకా అప్పర్ థామ్సన్ రోడ్డు మీద సాగిన గ్రాండ్ ప్రీ కూడా వీధి పోటీయే. సరదాకి రేసులు నేర్చుకునేవాళ్లు సరిహద్దు దాటి మలేషియాలోని సెపాంగ్‌కు పోవాలి. పెట్రోలు, టైర్లు, హోటలు... జేబుకు చిల్లే.

అందుకే మధ్యమధ్య సాధనకు కార్టింగ్, అంటే కార్ట్ అనే చిన్న బండితో రేసింగ్. సెంతోసా దీవిలో 2023లో మూడు అంతస్తుల ఇండోర్ ట్రాక్ తెరిచారు. బళ్లన్నీ కరెంటువే. శని, ఆదివారాలు మాత్రం వద్దు, పుట్టినరోజు పార్టీల పిల్లల మధ్య సాధన సాగదు.

కార్ట్‌కు స్ప్రింగులుండవు, రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి గనక, మలుపులో లోపలి చక్రం కాస్త తేలికపడితేనే బండి చక్కగా తిరుగుతుంది. స్టీరింగ్ విసురుగా తిప్పారా, వెనక భాగం జారి వేగం పడిపోతుంది. ఆ తప్పు సీటులో కూర్చున్నవాడికి వెంటనే తెలుస్తుంది. చూపు ముందు చక్రం దగ్గర కాక, మలుపు నుంచి బయటికి వచ్చే చోట ఉండాలి. ఒక్క మెరుపు ల్యాప్ కంటే పది ల్యాపులు దాదాపు ఒకే సమయంలో పూర్తిచేయడమే గొప్ప.

గేర్లు, క్లచ్ వాడటం మాత్రం కార్టింగ్‌తో రాదు. అద్దె కార్ట్‌లకు సాధారణంగా వెనక చక్రాలకే బ్రేకు. కారులో ఆ పని ఎక్కువగా ముందు చక్రాలది. బ్రేకు ఎంత గట్టిగా తొక్కాలన్నది సెపాంగ్‌లో మళ్లీ కొత్తగా నేర్చుకోవాల్సిందే.