మూడు పేపర్లు రాసి ఆగిన పిల్లలు

2020 మార్చిలో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మొదలై, మూడు పేపర్లయ్యాక కరోనా వల్ల ఆగిపోయాయి. జూన్‌లో మిగతావి రద్దుచేసి, ఇంటర్నల్ మార్కులతో అందరినీ పాస్ చేశారు. ఈ పూట ఆ పిల్లల గురించే.

వాళ్లు ఇంటర్‌లో చేరారు. కాలేజీకి వెళ్లింది కొన్ని వారాలే. మిగతా చదువంతా దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో, ఫోన్లలో. ఇంటికి ఒకటే ఫోనుంటే, అది నాన్నతో పనికి వెళ్లిన రోజు పాఠమూ వెళ్లిపోయినట్టే. స్నేహితులు లేరు, ఆటల్లేవు. ఇంట్లో జ్వరాల భయం, పనులు పోయిన దిగులు. పదహారేళ్ల పిల్లాడు అర్ధరాత్రి దాకా మేలుకుంటే ఫోను పిచ్చి అని తిట్టాం. దిగులుకీ నిద్ర పట్టదని మనకు తోచలేదు.

పరీక్షలు లేకుండానే సెకండియర్‌కు పంపారు. తీరా 2021 అక్టోబరులో ఆ ఫస్టియర్ పరీక్షలే పెట్టారు! డిసెంబరులో ఫలితాలొస్తే పాసైంది 49 శాతం. కొన్ని ఇళ్లలో అది తీరని శోకమైంది. చివరికి ప్రభుత్వం తప్పినవారందరికీ కనీస మార్కులు వేసి గట్టెక్కించింది. సరైన పనే, కానీ ఆలస్యంగా.

అలాంటి దిగులు చెప్పుకోవడానికి 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అనే ప్రభుత్వ సహాయవాణి ఉంది. ఏ వేళైనా, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడొచ్చు. మీ పిల్లల పుస్తకం అట్ట మీద ఈ నంబరు రాసిపెట్టండి: 14416. మళ్లీ చెబుతున్నాను, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు.