పుంగనూరు ఆవు: రూపురేఖలు, రంగులు



ఈ వేళ మనం మాట్లాడుకోబోయేది మన సీమలో పుట్టి, మన ఊరి పేరుతోనే దేశమంతా తెలిసిన ఒక పశుజాతిని గురించి. అదే పుంగనూరు ఆవు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుంగనూరు, పలమనేరు, మదనపల్లె ప్రాంతాలు దీని పుట్టినిల్లు. మెట్టరైతుకు తగిన గొడ్డు ఇది. కొద్దిపాటి మేతతో నిలుస్తుంది, ఎండకు ఓర్చుకుంటుంది, తేలిక నేలల్లో సేద్యానికి ఎద్దులనిస్తుంది.

ఇంత మంచిదాన్ని మనమే వదులుకున్నాం. పాల కోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులు వచ్చాయి. దుక్కికి ట్రాక్టర్లు వచ్చాయి. మేలైన కోడెలను నిలుపుకోక, మందలో ఏ ఆంబోతు కనబడితే దానితోనే దాటించడం వల్ల ఉన్న జాతి కూడా కలగాపులగమైంది. ఒక దశలో పూర్తిగా అంతరించిపోతుందేమో అనే భయం పట్టుకున్నది. ఆ రోజుల్లో పలమనేరు పశుపరిశోధనా కేంద్రం ఒక మందను పెట్టుకుని జాతిని కాపాడింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఈ కేంద్రాన్ని నడుపుతున్నది.

ఇప్పుడు గాలి తిరిగింది. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి ఢిల్లీలోని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న చిత్రాలు దేశమంతా చూసింది. పట్నవాసులు కూడా ఈ ఆవు కావాలంటున్నారు. ధర లక్షలు పలుకుతున్నది. ధర ఉన్నచోట పొట్టిగా కనబడిన ప్రతి గొడ్డుకూ పుంగనూరు పేరు తగిలించి అమ్మజూపేవాళ్లు ఉంటారు. కాబట్టి కొనేవారికీ, పెంచేవారికీ కూడా దీని ఆనవాళ్లు తెలిసి ఉండాలి.

మొదటిది ఎత్తు. ఎదిగిన ఆవు సుమారు మూడడుగులు ఉంటుంది. బరువు వంద మొదలు రెండువందల కిలోల లోపు. అయితే ఎత్తు ఒక్కటే చూసి మోసపోవద్దు. కేరళలోని వెచ్చూరు, కర్ణాటకలోని మలనాడు గిడ్డ కూడా పొట్టి జాతులే. పెద్దజాతి పెయ్యదూడ కూడా ఒక వయస్సులో మూడడుగులే ఉంటుంది కదా! అందుచేత నోరు తెరిచి పళ్లు చూడండి. పాలపళ్లు ఊడి మొదటి జత పెద్దపళ్లు రావడానికి రెండేళ్లు దాటుతుంది. పాలపళ్ల మీద ఉన్న పశువును చూసి ‘ఇది ఇంతకంటె పెరగదు’ అంటే నమ్మకండి. వీలైతే తల్లిని, తండ్రి కోడెను కూడా చూసి కొనండి.

రెండవది తల. నుదురు వెడల్పుగా ఉంటుంది. కొమ్ములు చిన్నవి, నెలవంక మాదిరి వంపు తిరిగినవి. కోడెలకు కొమ్ములు వెనక్కి వెళ్లి ముందుకు వంగుతాయి. ఆవులకు పక్కలకు వచ్చి ముందుకు తిరుగుతాయి.

మూడవది వీపు. ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండి, వెనక్కి పోనుపోను వాలుగా ఉంటుంది. నాలుగవది తోక. గొడ్డు పొట్టిదైనా తోక పొడుగు; కుచ్చు దాదాపు నేలను తాకుతూ ఉంటుంది. ఈ నాలుగూ కలిసి కనిపించాలి. ఒక్క తోకను చూసో, ఒక్క ఎత్తును చూసో తీర్పు చెప్పగూడదు.

ఇక రంగుల సంగతి. చాలామంది తెల్లావు అయితేనే అసలు పుంగనూరు అనుకుంటున్నారు. అది పొరపాటు. ఈ జాతిలో తెలుపు ఉంది, బూడిదరంగు ఉంది. లేత గోధుమరంగు మొదలు ముదురు గోధుమరంగు దాకా ఉంది, ఎరుపు ఉంది. తెలుపు మీద ఎర్రటి, గోధుమ లేక నల్లటి మచ్చలు ఉన్నవీ ఉన్నాయి. రంగునుబట్టి జాతి ఎక్కువ తక్కువలు లేవు. పాలకూ రంగుకూ కూడా సంబంధం లేదు. పైగా దూడ పుట్టినప్పటి రంగే చివరిదాకా ఉంటుందని చెప్పలేం. ఒంగోలు దూడలను చూడండి: ఎర్రచాయతో పుట్టినవి కూడా పెరిగేకొద్దీ తెల్లబడతాయి.

మరి రంగును గురించి ఇంత చెప్పడం దేనికని అడగవచ్చు. కారణమున్నది. కొనేవారు తెలుపు అడుగుతున్నారు గదా అని అందరమూ తెల్లకోడెనే దాటించి, ఎర్రవాటినీ మచ్చలవాటినీ సంతకు తోలేస్తే ఏమవుతుంది? ఉన్న కొద్దిపాటి మందలో మళ్లీ సగం పోతుంది. అలాగే ‘ఇంకా పొట్టిది, ఇంకా పొట్టిది’ అంటూ ఒకే కుటుంబంలోని వాటిని కలిపితే ఈతలు తప్పడం, దూడలు బలహీనంగా పుట్టడం వంటి నష్టాలు వస్తాయి. చిన్న మందకు పెద్ద శత్రువు దగ్గరి రక్తమే.

అందుచేత మూడు పనులు చేయండి. ఒకటి: తండ్రి కోడెను దాని బిడ్డల మీదికి వదలవద్దు. రెండున్నర, మూడేళ్లకొకసారి పక్క ఊరి రైతుతో కోడెను మార్చుకోండి. రెండు: పుంగనూరు ఆవుకు జెర్సీ సూది వేయించవద్దు. జాతి చెడడమే గాక, దూడ పెద్దదై చిన్న ఆవుకు ఈత కష్టమవుతుంది. ఎదకు వచ్చినప్పుడు పుంగనూరు వీర్యం కోసం పశువైద్యశాలలో అడగండి. మూడు: ఒక పుస్తకం పెట్టి తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, రంగు, దాటించిన రోజు రాసుకోండి. గ్రామాల్లో పనిచేసే పశుసంవర్ధక సహాయకులు ఈ పుస్తకం రాయించడంలో రైతుకు తోడ్పడాలి. రేపు అమ్మేటప్పుడు ఆ పుస్తకమే మీ మాటకు సాక్ష్యం.

మేతకు రాగిగడ్డి, వేరుశనగ కట్టె, కాస్త పచ్చిమేత, గుప్పెడు తవుడు ఉంటే చాలును. పాలు మాత్రం కొద్దే. సంకరజాతి ఆవుతో పోటీపెట్టి చూడవద్దు. దీని పాలలో వెన్న ఎక్కువని పేరు. అంకెలు చెప్పి అమ్మజూపేవారి మాట వినేకంటె, పాలకేంద్రంలో పరీక్ష చేయించి చూసుకోవడం మేలు.

వెచ్చూరు ఆవు కూడా ఒకప్పుడు దాదాపు పోయినట్లే. 1989లో కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు వెతికి వెతికి కొన్నింటిని కూడబెట్టి దాన్ని నిలబెట్టారు. మనకు అంత వెతుకులాట అక్కరలేదు. పలమనేరులో మంద ఉన్నది, పల్లెల్లో ఆవులున్నాయి. తెల్లదైనా, ఎర్రదైనా, మచ్చలదైనా దొడ్డిలో ఉన్న మేలైన ఆవును, మేలైన కోడెను అమ్ముకోకుండా నిలుపుకోవడమే ఇక మిగిలిన పని.